కొల్లేటి గట్టున రోజు అద్దె గదులు: పట్టా ఎవరిది, పని ఎవరిది, గడప ఎవరికి

సంక్రాంతి మూడు రోజులకు భీమవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు లాడ్జీల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. కోడిపందేలకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఇక ఇళ్ల మీద పడతారు. మేడ మీది గది, కట్టి ఖాళీగా ఉంచిన ఫ్లాటు, చేపల చెరువు గట్టు మీది గెస్ట్‌హౌస్ అన్నీ ‘మూడు రోజుల ప్యాకేజీ’ కింద వెళ్లిపోతాయి. అద్దె మామూలు రోజుల కంటే ఎన్నో రెట్లు. 1974 నాటి గేమింగ్ చట్టం కిందా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందా పందెం నేరమే. గది అద్దె మాత్రం నేరం కాదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు.

పండగ పోయాక కూడా ఈ వ్యాపారం పూర్తిగా ఆగదు. చలికాలమంతా కైకలూరు దగ్గర ఆటపాకకు గూడబాతులను చూడటానికి జనం వస్తారు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులకు రెండు రోజులు తలదాచుకునే చోటు కావాలి. ఇలా రోజుకింత అని ఇచ్చే ఇంటినే ఇప్పుడు ‘హోమ్‌స్టే’ అంటున్నారు. రాష్ట్ర పర్యాటక విధానం 2024–29 పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025–26 కేంద్ర బడ్జెట్ హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ప్రకటించింది.

పత్రికల పర్యాటకం పేజీలు దీన్ని రాబడి కథగా రాస్తాయి. మేము పేట వైపు నుంచి చూస్తున్నాం. అక్కడి నుంచి చూస్తే కనిపించేది వేరు. ఈ వ్యాపారానికి సంబంధించిన నిబంధనలు కాగితమున్న ఇంటిని చూసి రాసినవి. కొల్లేటి కింద దళిత కుటుంబాలకు ఇల్లుంది, పొలముంది, చాలాసార్లు ఆ కాగితమే లేదు. ఉన్నా అది బ్యాంకుకు చెల్లని కాగితం.

నిబంధన ఏమడుగుతుంది

కేంద్ర పర్యాటక శాఖకు ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ / హోమ్‌స్టే’ పేరుతో ఒక గుర్తింపు పథకం ఉంది. ఒక గది నుంచి ఆరు గదుల వరకు అద్దెకు ఇవ్వొచ్చు, మొత్తం పన్నెండు పడకలు మించకూడదు. యజమాని కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే ఉండాలి. తనిఖీ చేసి సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులుగా గుర్తిస్తారు. ఇది స్వచ్ఛందం. గుర్తింపు లేకుండా ఎవరైనా గది ఇస్తే ఈ పథకం ఆపలేదు. దాని కింద పంచాయతీ ఇంటి పన్ను, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫైర్, పోలీసులకు బస చేసేవారి వివరాలు, విదేశీయులైతే వేరే సమాచారం ఉంటాయి. ఆన్‌లైన్ వేదికల ద్వారా వెళ్తే, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న యజమాని తరఫున పన్ను ఆ వేదికే కట్టాలి. ముక్కలు ముక్కలుగా ఉన్న ఈ నిబంధనల్లో ఏ ఒక్కటీ ‘ఈ గ్రామంలో ఎన్ని ఇళ్లు రోజు అద్దెకు వెళ్తున్నాయి’ అని లెక్క పెట్టదు.

యజమాని ఆ ఇంట్లోనే ఉండాలన్న షరతు మంచిదే. హైదరాబాదులో ఉండి గట్టు మీద ఆరు గదులు నడిపేవాడిని అది వడకట్టాలి. కానీ దానితోపాటు వచ్చే షరతులు చూడండి. ఇల్లు తమదేనని చూపించే కాగితాలు, గదికి ఆనుకుని ప్రత్యేక మరుగుదొడ్డి, ఇరవై నాలుగు గంటల నీరు, కారు వచ్చే దారి. ఇందిరమ్మ కాలనీలో రెండు సెంట్ల స్థలంలో కట్టిన ఇంటికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? ముద్రా రుణం పది లక్షల దాకా తాకట్టు అడగదు, అది నిజం. ఆ రుణంతో కట్టిన గదికి గుర్తింపు కావాలంటే మళ్లీ స్థలం కాగితం దగ్గరికే రావాలి.

గిరిజనుల విషయంలో కేంద్రం కొంత ఆలోచించింది. 2024 అక్టోబరులో మొదలైన గిరిజన గ్రామాల పథకంలో వెయ్యి హోమ్‌స్టేలకు చోటిచ్చారు. కొత్త గదులకు ఇంటికి 5 లక్షల రూపాయల వరకు, ఉన్న ఇల్లు బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల వరకు ఇస్తారు. ఊరి ఉమ్మడి అవసరాలకు డబ్బు పెట్టడమే ఇందులో తెలివైన పని. మరుగునీరు, దారి, తాగునీరు ఒక్క ఇంటి సమస్యలు కావు. కొల్లేటి దళితవాడ ఈ పథకం కిందికి రాదు. ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులతో ఇదే నమూనాలో ఎందుకు చేయకూడదని అడగాల్సింది మనమే.

కాంటూరు లోపల

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఇందులో పడి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. సరస్సు లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ 76 బెల్ట్ గ్రామాలు అని లెక్క. 1999లో జీవో 120తో ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లకు పైగా, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది. ఆ గీత లోపల దాదాపు 15,000 ఎకరాల జిరాయితీ భూమి కూడా ఉంది.

ఈ గీత రోజు అద్దె గదులకు నేరుగా సంబంధించినది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) సెక్షన్ 33 ప్రకారం అభయారణ్యం లోపల వ్యాపారం కోసం టూరిస్టు లాడ్జీలు, హోటళ్లు కట్టాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. 2022 సవరణ ప్రభుత్వ లాడ్జీలను కూడా ఇందులోకి తెచ్చింది. కాబట్టి ఐదో కాంటూరు లోపల చెరువు గట్టు మీద ‘కాపలా షెడ్డు’ పేరుతో లేచి ఏసీలు పెట్టుకున్న గదికి ఈ అనుమతి ఉందా అని ఎవరైనా అడగొచ్చు. అటవీ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు.

కొల్లేటిలో చట్టం ఎవరి మీద ముందు పడుతుందో మనకు అనుభవం ఉంది. 1970ల చివర మత్స్యకారుల, దళితుల సహకార సంఘాల పేరుతో చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత ఆ చెరువులు లీజుల పేరుతో డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. సంఘం పేరు పేదలది, మేత పెట్టుబడి, లాభం పెద్దలవి. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మీద ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. గట్లు తెగ్గొట్టారు. పెట్టుబడిదారుడు వేరే చోట చెరువు తవ్వుకున్నాడు. సంఘంలో పేరు మాత్రమే ఉన్న కుటుంబానికి పోయింది కూలి. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు వద్దంది. ఆ తర్వాత కూడా ఆక్రమణలు తిరిగి వచ్చాయి. 2025 మొదట్లోనూ సుప్రీంకోర్టు ధిక్కార పిటిషన్ మీద రాష్ట్రాన్ని నిలదీసింది.

ఇప్పుడు అదే పెట్టుబడి చేపకు తోడుగా పర్యాటకుణ్ణి పెంచుకుంటోంది. రేపు మరో ఆపరేషన్ వస్తే ‘అక్రమ హోమ్‌స్టే’ల జాబితాలో మొదట ఎక్కేది లంక గ్రామంలో రెండు మంచాలు వేసి పక్షుల కోసం వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన ఇల్లే అవుతుందని మా భయం. నివాసమున్న పాత ఇంట్లో ఒక గది ఇవ్వడం వేరు, అభయారణ్యంలో కొత్త లాడ్జి కట్టడం వేరు. ఈ తేడాను రాతలో పెట్టించుకోవాల్సింది ఇప్పుడే.

డీ ఫారం పట్టా, గెస్ట్‌హౌస్

అసైన్డ్ భూమి సంగతి విడిగా చెప్పాలి. 1977 నాటి అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టంలో ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తాకట్టు, లీజు కూడా బదిలీయే. మన ఊళ్లలో డీ ఫారం పట్టా భూమిని చెరువుకు ‘ఏటా ఇంత’ అని ఇవ్వడం మామూలు సంగతి. ఆ గట్టు మీద గెస్ట్‌హౌస్ లేస్తే ఆ వ్యాపారం నిలబడ్డది కూడా చెల్లని లీజు మీదే. సెక్షన్ 4 కింద కలెక్టరు ఆక్రమణలో ఉన్నవాణ్ణి ఖాళీ చేయించి, మొదటి పట్టాదారు ఇంకా భూమిలేని పేదగా ఉంటే ఒక్కసారికి అతనికే తిరిగి ఇవ్వాలి. చాలా కుటుంబాలు లీజు ఇచ్చింది తామే కాబట్టి నోరెత్తితే తమ పట్టాయే రద్దవుతుందని భయపడతాయి. ఆ భయాన్ని అవతలివాళ్లు బాగా వాడుకుంటారు. చట్టం చెప్పేది పునరుద్ధరణ గురించి. కోనేరు రంగారావు భూ కమిటీ 2006 నివేదిక కూడా అన్యాక్రాంతమైన అసైన్డ్ భూములు పేదలకు తిరిగి దక్కాలనే దిశలోనే మాట్లాడింది. ఇక బలవంతంగానో మోసంతోనో ఎస్సీ, ఎస్టీల భూమి ఆక్రమిస్తే అది అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎఫ్), (జి) కింద నేరం.

2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమికి అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. అమ్మే హక్కు వస్తే మంచిదే అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. కానీ సరస్సు చూపు ఉన్న ఎకరం ఎవరి చేతిలోకి పోతుందో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఇంటిపేరు అడిగే గడప

1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఉండటానికి గది దొరకలేదు. పారసీ సత్రంలో పారసీ పేరుతో ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాసుకున్నాడు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి అడ్డం పడింది పేరు. ఇప్పుడు పేరు దాచే పని కూడా లేదు. గదికి వెళ్లగానే ఆధార్ అడుగుతారు. గోదావరి జిల్లాల్లో ఇంటిపేరు చాలు. అది చాలకపోతే చిరునామాలో ‘ఎస్సీ కాలనీ’, ‘అంబేద్కర్ కాలనీ’, ‘అరుంధతీ పేట’ అని ఉంటుంది. నంబరు దాచే మాస్క్‌డ్ ఆధార్ ఉంది గానీ అందులోనూ చిరునామా దాగదు. లాడ్జి కౌంటరులో ఉన్న జీతగాడికి అది పెద్దగా పట్టకపోవచ్చు. ఇంట్లోనే ఉండి, తన వంటింటి పక్క గది ఇచ్చే యజమానికి పడుతుంది. హోమ్‌స్టే ఇంటి వాతావరణాన్ని అమ్ముతుంది. మన ఊళ్లలో ఇంటి వాతావరణంలో కులం ఒక భాగం. ‘వెజ్ ఫ్యామిలీస్ ఓన్లీ’ అన్న బోర్డు చాలాచోట్ల తిండి గురించి కాదు.

అమెరికాలో ఎడెల్‌మన్, లూకా, స్విర్‌స్కీ 2017లో ప్రచురించిన ప్రయోగంలో, నల్లజాతివారిదని తెలిసిపోయే పేరుతో ఎయిర్‌బీఎన్‌బీలో గది అడిగితే ఒప్పుకునే అవకాశం 16 శాతం తక్కువని తేలింది. మన దగ్గర ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం చేసిన పరిశీలన 2015లో ఈపీడబ్ల్యూలో వచ్చింది. అగ్రకులం పేరుకు తెరుచుకున్న తలుపు దళితుల పేరుకు, అంతకంటే ఎక్కువగా ముస్లింల పేరుకు మూసుకుంది. ఏలూరులో నెల అద్దెకు ఇల్లు వెతికిన దళిత ఉద్యోగికి ఈ పరిశోధన ఫలితం కొత్తగా అనిపించదు.

దీనికి చట్టం ఉంది. రాజ్యాంగం 15(2) హోటళ్లలోకి ప్రవేశం గురించి స్పష్టంగానే చెప్పింది. 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టంలో ‘హోటల్’ అన్న మాటలో బోర్డింగ్ హౌస్, లాడ్జింగ్ హౌస్ కూడా చేరతాయని నిర్వచనం ఉంది. డబ్బు తీసుకుని వచ్చినవాళ్లకల్లా గది ఇచ్చే ఇల్లు లాడ్జింగ్ హౌసే అని మా వాదన. ‘ఇది నా సొంత ఇల్లు’ అన్న జవాబు, బోర్డు పెట్టిన రోజే పోయింది. సెక్షన్ 4 కింద శిక్ష ఒక నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. జరిమానా గరిష్ఠం ఐదు వందలే, 1976 నుంచి పెరగలేదు. అంతకంటే పనికొచ్చేది సెక్షన్ 12: ఎస్సీ వ్యక్తి మీద ఈ పని జరిగితే అది అంటరానితనం కారణంగానే అని కోర్టు భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటివాడే. సేవ నిరాకరించినందుకు సెక్షన్ 6 కింద శిక్ష పడితే, సెక్షన్ 8 కింద ఆ వ్యాపార లైసెన్సు రద్దు చేయమని కోర్టు చెప్పొచ్చు. ఇక్కడే లైసెన్సు మనకు పనికొచ్చేది. లైసెన్సే లేని గెస్ట్‌హౌస్‌కు రద్దు చేయడానికి ఏముంటుంది?

నెల అద్దె ఇంటి విషయంలోనూ ఈ చట్టం పలుకుతుంది. ఇల్లు అద్దెకు ఇవ్వననడం కూడా బహిష్కరణ కిందికి వస్తుందని సెక్షన్ 7 వివరణ చెబుతుంది. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సవరణతో అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌సీ) సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. ఆ మరుసటి ఏడాదే, 2017లో, భీమవరం దగ్గర గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పేరు మీద దళితులకు కూలి, కౌలు, కొట్టు సరుకు ఆపేశారు. చట్టం వచ్చినంత మాత్రాన ఊరు మారదని చెప్పడానికి అంత దూరం పోనక్కర్లేదు.

కులాంతర జంటల మాట కూడా ఒకటి. 2025 జనవరిలో ఓయో మీరట్‌లో పెళ్లికాని జంటలకు గది ఇవ్వకపోయే వీలు భాగస్వామ్య హోటళ్లకు ఇచ్చింది. పెళ్లి కాని వయోజనులు ఒకే గదిలో ఉండకూడదని ఏ చట్టమూ లేదని మద్రాసు హైకోర్టు 2019లోనే అంది. ఇంట్లోవాళ్ల నుంచి పారిపోయి వచ్చిన జంటకు ఆ ఒక్క రాత్రి గది ప్రాణానికి సంబంధించినది కావచ్చు.

గది వెనక సెప్టిక్ ట్యాంకు

ఈ వ్యాపారంలో పేటకు తప్పకుండా వచ్చే వాటా పని. దుప్పట్లు ఉతకడం, గదులు ఊడవడం, పడవ తోయడం. వంట మాత్రం చాలాచోట్ల పేటకు రాదు, కారణం మళ్లీ చెప్పనక్కర్లేదు. వీటన్నిటికంటే ప్రమాదమైనది సెప్టిక్ ట్యాంకు. కొల్లేటి నేల తడి నేల, భూగర్భ నీరు పైపైనే ఉంటుంది. నలుగురి కుటుంబానికి కట్టిన ట్యాంకు మీద పండగ మూడు రోజుల్లో ఇరవై మంది పడితే అది పొంగుతుంది. పొంగిన రాత్రి ఫోను ఎవరికి వస్తుందో మనకు తెలుసు.

2013 నాటి చట్టం సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీకే కాదు, పని చేయించిన ఎవరికైనా వర్తిస్తుంది, ఇంటి యజమానికి కూడా. ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. హోమ్‌స్టే అనుమతికి ముందు ట్యాంకు సైజు, దాన్ని యంత్రంతో ఎవరు తోడతారో రాసి ఇవ్వాలని పంచాయతీ షరతు పెడితే దానికి ఖర్చు కాగితం ముక్కే.

ఇతర చోట్ల, ఇక్కడ

న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి, యజమాని ఇంట్లో లేకుండా ముప్పై రోజుల లోపు అద్దె ఇవ్వడాన్ని దాదాపు ఆపేసింది, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా తన పదివేల పైచిలుకు టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని ప్రకటించింది. గోవాలో 1982 నాటి చట్టం కింద పర్యాటకులకు గది ఇచ్చే ఇల్లు రిజిస్టరు కావాలి. ఆ నగరాల గొడవ ఇళ్లు పర్యాటకులకు పోయి స్థానికులకు అద్దెకు దొరక్కపోవడం. మన పట్టణాల్లో ఇంకా ఆ స్థాయి రాలేదు. సంక్రాంతికి ముందు నెల అద్దెలో ఉన్న కుటుంబాన్ని ‘పది రోజులు ఊరెళ్లి రండి’ అనగలిగితే చాలు, నోటి మాట అద్దెకు ఏ విలువా లేదని తెలుస్తుంది. రాతపూర్వక ఒప్పందం అడగండి, యూపీఐలో అద్దె కట్టండి, ఆ రికార్డు ఉంచుకోండి.

గ్రామసభలో అడగాల్సినవి పెద్దవేం కావు. రోజు అద్దెకు ఇచ్చే ప్రతి కట్టడం పంచాయతీ రిజిస్టరులోకి ఎక్కాలి, సర్వే నంబరుతో సహా. సర్వే నంబరు ఉంటే అది అసైన్డా, జిరాయితీయా, కాంటూరు లోపలా బయటా అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది. బహుశా అందుకే ఎవరూ రాయరు. ఒకటి రెండు గదులిచ్చే నివాస గృహానికి పట్టా బదులు ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు సరిపోవాలి. శ్మశానం దారి, చెరువు రేవు కార్ల పార్కింగుకు పోకూడదు. ఆ దారినీ రేవునూ ఎస్సీలు వాడుకోకుండా అడ్డుకుంటే సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ఉంది.

గది నిరాకరిస్తే అక్కడికక్కడ చేయాల్సింది: బుకింగ్ స్క్రీన్‌షాట్, సమయం, మాట్లాడిన మనిషి అన్న మాటలు రాసి పెట్టుకోవడం, వీలైతే వెంటనే మరో పేరుతో అదే గది అడిగించి ఆ జవాబు కూడా దాచుకోవడం. కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ, సెక్షన్ 18ఎ చెబుతోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే అత్యాచారాల నిరోధక జాతీయ హెల్ప్‌లైన్ 14566. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఏలూరు జిల్లాకు ఏలూరులో, తాడేపల్లిగూడెం వాళ్లకు భీమవరంలో. 2022 ఏప్రిల్ విభజన తర్వాత కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి, ఆటపాక ఫిర్యాదు ఇప్పుడు మచిలీపట్నం కాదు, ఏలూరు వెళ్లాలి.